అపస్మారము నుండి నరాల మాత్ర వరకు

తెలుగు బోధించు ఉపాధ్యాయుడు మందుల చరిత్ర వ్రాయబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. దీనికి కారణ మొక చీటీ. కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచుండిన ఒక బాలుని తల్లి, మడతలుపడిన వైద్యుని చీటీని, సగము వాడిన మాత్రల అట్టను నా బల్లపై నుంచి, "అయ్యవారూ, దీంట్లో ఏం రాసినారో కొంచెం చదివి చెప్పండి" అని యడిగినది. చీటీ ఆంగ్లమున నుండెను. ఆసుపత్రిలో నోటితో చెప్పినది కన్నడమున. ఆమెకు వచ్చినది తెలుగు మాత్రమే. ఆ బాలునకు మూర్ఛలు వచ్చుచుండెను. మాత్రలు మొదలుపెట్టిన పిదప ఏడాదిన్నర కాలము ఒక్కమాఱును రాలేదు. రోగము పోయినదని తలచియు, ఊరక మింగిన మాత్రలకు అలవాటు పడునేమో యని భయపడియు, ఇంటివారు వానిని ఒక్కనాటితో మానిపించిరి. నాలుగవ నాడు ఒకదాని వెంట నొకటిగా మూర్ఛలు వచ్చినవి. నడుమ తెలివి రాలేదు. ఆ రాత్రియంతయు పిల్లవాడు వైద్యశాలలో ప్రాణములతో పెనగులాడి బ్రతికెను. ఆ తరువాతనే చీటీ నాయొద్దకు వచ్చినది. దాని యడుగున గీత గీసి యొక చిన్న వాక్యము వ్రాయబడి యుండెను. మందు హఠాత్తుగా మానరాదని దాని యర్థము.

మానరాదనుట యేల? రోగము కనబడకున్నను మందు మింగవలసిన దేల? ఈ ప్రశ్నల వెంట పోగా అది రెండువేల యేండ్ల కథ యైనది. అందు మన సీమవారికి పనికివచ్చు భాగమును ఈ సంచిక పాఠకుల యెదుట నుంచుచున్నాను. నేను వైద్యుడను గాను. ఎవరి మోతాదును నిర్ణయించుట నా పని గాదు. పదములు నా వృత్తి. ఈ వ్యాధి విషయమున పదములు చేసిన మేలును, కీడును తక్కువైనవి కావు.

అపస్మార మనగా స్మృతి తొలగిపోవుట. చరకసంహిత ఈ వ్యాధికి నిదానస్థానమున నొక యధ్యాయమును, చికిత్సాస్థానమున నొక యధ్యాయమును కేటాయించి, వాత పిత్త కఫ సన్నిపాతములను బట్టి నాలుగు విధములని విభజించినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున అపస్మార మొకచోట, మూర్ఛ వేఱొకచోట వర్ణింపబడినవి. అనగా ప్రాచీన వైద్యులకు ఇవి రెండు వేఱు వ్యాధులు. తెలుగు వాడుకలో ఈ భేదము చెరిగిపోయినది. ఆకలితో సొమ్మసిల్లినను మూర్ఛయే, ఎండదెబ్బకు పడిపోయినను మూర్ఛయే, కాలుచేతులు కొట్టుకొని నురుగు క్రక్కినను మూర్ఛయే. కన్నడిగులును మూర్ఛె యనియే యందురు. ఇప్పుడు ఉభయులును ఫిట్స్ అనుచున్నారు. ఇక కొందఱు పిల్లలకు కొన్ని క్షణములు చూపు నిలిచిపోయి, పిలిచినను పలుకక, మరల ఏమియు జరుగనట్లు వ్రాత సాగించు రకమొకటి కలదు. అదియు అపస్మారమే. దానికి మన వాడుకలో పేరు లేదు. పేరు లేనందున రోగమును లేదు. పరాకు పిల్లవాడన్న నింద మాత్రము కలదు. అట్టివారిని మేము బెంచీపై నిలువబెట్టిన దినములు కలవు. ఈ తప్పులో నాకును పాలు గలదు.

శాస్త్రగ్రంథముల కంటె శిల్పులు ఈ వ్యాధి స్వభావమును చక్కగా పట్టుకొనిరని నాకు తోచుచుండును. నటరాజ విగ్రహమును చూచినవారికి ఆయన పాదము క్రింద నొక మఱుగుజ్జు రూపము జ్ఞాపకముండును. వాని పేరు అపస్మార పురుషుడు. తమిళులు ముయలకు డందురు. దక్షిణామూర్తి పాదము క్రిందను ఆ రూపము కనబడును. శివుడు వానిని చంపలేదు, తరిమివేయలేదు. త్రొక్కిపట్టి యుంచెను. పాదమెత్తినచో వాడు లేచును. నేటి మూర్ఛ మందులు చేయు పనియు సరిగా నిదియే. రోగమూలమును అవి పెఱికివేయవు. మందు శరీరమున నున్నంతకాలము దాని నణచియుంచును.

నడుమ నున్న శతాబ్దములలో రోగిని గాలి సోకినవానిగా చూచుట మనకు మాత్రమే చెందిన దోషము గాదు. క్రీస్తుకు పూర్వము 400 ప్రాంతమున, హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రీకు వైద్యగ్రంథములలో నొకటి ఇది దేవతల రోగము గాదని, మెదడున పుట్టునదని వాదింపవలసి వచ్చినది. మన ఊళ్లలో నేటికిని పడిపోయినవాని చేతిలో ఇనుప తాళపుచెవుల గుత్తి పెట్టుదురు. సండూరు కొండల ఇనుప ఖనిజము లారీలకొలది పోవు ఈ మండలమున, ఇనుము తాకినంత మాత్రమున మూర్ఛ తగ్గునేని ఇచ్చట నొక్క రోగియు నుండరాదు! సాధారణముగా మూర్ఛ రెండు మూడు నిమిషములలో తనంతట తానే ఆగును. ఆ వేళకు ఎవరో ఇనుము తెచ్చుట జరుగును. కీర్తి ఇనుమునకు దక్కును.

మందని చెప్పదగినది మొదట 1857లో వచ్చినది. లండను నగరమున చార్లెస్ లోకాక్ అను వైద్యుడు ఒక సభలో, స్త్రీల మూర్ఛలకు పొటాసియము బ్రోమైడు నిచ్చి ఫలితము పొందితినని తెలిపెను. ఆయన ఊహించిన కారణము తప్పు. మందు మాత్రము పనిచేసెను. అది బుద్ధిని మందగింపజేసెడిది, చర్మముపై పొక్కులు తెచ్చెడిది. ఐనను అర్ధశతాబ్దము దానికి సాటి లేకపోయెను. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అను యువవైద్యుడు, నిద్ర కొఱకు ఇచ్చు ఫీనోబార్బిటాల్ మూర్ఛలను తగ్గించుచున్నదని గమనించెను. మన పెద్దలు గార్డినాల్ మాత్ర అన్నది ఇదియే. 1908లో హైన్రిక్ బిల్ట్స్ తయారుచేసి ప్రక్కన పెట్టిన ఫెనిటోయిన్‌ను, 1938లో అమెరికాలోని బోస్టనులో మెరిట్, పట్నము అను ఇరువురు బయటికి తీసిరి. పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ కలిగించి, ఏ ద్రవ్యము దానిని ఆపునో వరుసగా పరీక్షించుట వారి పద్ధతి. నిద్ర తెప్పింపకయే మూర్ఛ నాపవచ్చునని అప్పుడు తేలినది. ఎప్టోయిన్ అను పేర నేటికిని బళ్లారి మందుల అంగళ్లలో దొరకునది ఆ ఫెనిటోయినే.

ఇచ్చట కథ మలుపు తిరుగుచున్నది. ముఖమున ఒక ప్రక్క మెఱుపువలె పొడుచు నరపు నొప్పి యొకటి కలదు. పండ్లు తోముకొన్నను, గాలి సోకినను రోగి కేకలు వేయును. సుశ్రుతుడు శిరోరోగములలో చెప్పిన అనంతవాతము ఇదియే యని ఆయుర్వేద పండితులు పలువురు భావింతురు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి వైద్యుడు ట్రూసో ఈ నొప్పి అపస్మారమును పోలియున్నదని గుర్తించెను. రెండును హఠాత్తుగా వచ్చును, హఠాత్తుగా పోవును. 1942లో బెర్గుయిన్యాన్ అను మఱియొక ఫ్రెంచి వైద్యుడు ఈ నొప్పికి ఫెనిటోయిన్ నిచ్చి మేలు కనుగొనెను. తరువాత స్విట్జర్లాండులోని గైగీ సంస్థలో షిండ్లర్ సృష్టించిన కార్బమజెపీన్‌ను 1962లో స్వీడను వైద్యుడు బ్లోమ్ ఇదే నొప్పికి వాడి చూపెను. మన యంగళ్ల టెగ్రిటాల్ అది. మూర్ఛయందు మెదడులోని కణములు అదుపు తప్పి ప్రేలును. ఈ నొప్పియందు దెబ్బతిన్న నరము అట్లే అకారణముగా ప్రేలును. ఒకే మందు రెంటికిని పనిచేయుటలోని రహస్య మింతియే.

గబాపెంటిన్ ఈ వంశములో తరువాతి తరమునకు చెందినది. 1993లో అమెరికా ప్రభుత్వము దానిని మూర్ఛలకు అనుమతించెను. సర్పి మానిన పిదప నిలిచిపోవు మంటనొప్పికి 2002లో అనుమతి లభించెను. దాని తోబుట్టువైన ప్రెగాబాలిన్ 2004లో వచ్చినది. మెదడులోని గాబా యను ద్రవ్యమును అనుకరించునని తలచి మొదటిదానికి ఆ పేరు పెట్టిరి. తరువాత చూడగా అది గాబా వలె పనిచేయుటయే లేదు. నాడీకణములలో కాల్షియము ప్రవేశించు ద్వారముల నొక భాగమునకు అంటుకొని వాని యుద్రేకమును తగ్గించును. పేరు మాత్రము నిలిచినది. పేర్లు ఇట్లు నిలిచిపోవుట భాషలో మాకు నిత్యము కనబడు విషయమే.

ఇక మన నరము సంగతి. తెలుగున నరమనగా స్పర్శను తెలుపు తంతువు, నెత్తురు ప్రవహించు గొట్టము, కండను ఎముకకు బిగించు త్రాడు. మూడింటికిని అదే మాట. కన్నడ నరకును నించుమించు అదే వ్యాప్తి. పుస్తకభాషలో నాడి యందమన్న, నాడి చూచుట యనగా జనులు ముంజేతిని చాపుదురు. కావున నరాల బలహీనత యనగా ఏమని రోగి గ్రహించును? నీరసమని గ్రహించును. మందుల అంగడిలో గబాపెంటిన్‌తోనో ప్రెగాబాలిన్‌తోనో మిథైల్‌కోబాలమిన్ అను విటమినును కలిపిన మాత్రలు విరివిగా అమ్ముడుపోవుచున్నవి. వానిని జనులు నరాల బలపు మాత్ర లందురు. బలపు మాత్రయైనచో ఎవరు మింగిన నేమి, ఎప్పుడు మానిన నేమి? మా మేనత్తకు నడుమున సర్పి లేచి మానినది. ఇచ్చటివారు దానిని కన్నడమున సర్పసుత్తు అందురు. ఆ పిదప చీర కుచ్చిళ్లు తగిలినను తాళలేని మంట. వైద్యుడు గబాపెంటిన్ వ్రాసెను. రాత్రి నిద్ర పట్టినది. ఇంతలో పొరుగింటి యువకుడొకడు మాత్ర పేరును చూచి, ఇది ఫిట్స్ మందని చెప్పెను. తనకు మూర్ఛరోగ మంటగట్టిరని ఆమె మూడు దినములు ఏడ్చి మాత్రలు పారవేసినది. బలపు మాత్రయని కొందఱు మింగుదురు, ఫిట్స్ మాత్రయని కొందఱు పారవేయుదురు. రెండు వికారములకును మూల మొక్కటే పదము.

ఈ మందులను ప్రతి నొప్పికిని వాడుట మన అజ్ఞానముననే జరిగినదని తలపరాదు. గబాపెంటిన్‌ను అనుమతి లేని పలు బాధలకు ప్రచారము చేసి అమ్మినందుకు వార్నర్ లాంబర్ట్ సంస్థ 2004లో అమెరికా న్యాయస్థానమున నేరము నంగీకరించెను. 43 కోట్ల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. నడుమునుండి కాలిలోనికి దిగు నొప్పికి, అనగా మన వైద్యులు గృధ్రసి యన్న దానికి, ప్రెగాబాలిన్ ఉత్తుత్తి మాత్రకంటె మేలు చేయలేదని ఆస్ట్రేలియాలో జరిగిన యొక పరీక్ష 2017లో తేల్చినది. తల తిరుగుడు మాత్రము ఎక్కువైనదట. మధుమేహమువలన పాదములు మండువారికి, సర్పి నొప్పివారికి ఇవి మేలుచేయుననుటకు ఆధారములు కలవు. బరువు లెత్తి నడుము పట్టినవారందఱికిని అని కాదు.

ఈ సందర్భమున ఒక విచిత్రము చెప్పక తప్పదు. ప్రపంచమున గబాపెంటిన్ మూలద్రవ్యమును మిక్కుటముగా తయారుచేయువారిలో, 1990లో హైదరాబాదున ప్రారంభమైన దివీస్ సంస్థ యొకటి. దాని కర్మాగారములు చౌటుప్పల వద్దను, విశాఖపట్టణము చేరువ భీమునిపట్టణ ప్రాంతమునను కలవు. ఏ దేశపు వృద్ధుని పాదపు మంటకైనను మందు తెలుగునేలనుండి పోవచ్చును. దాని నెట్లు మింగవలెనో తెలుపు తెలుగు మాట మాత్రము ఆ పెట్టెలో నుండదు.

కర్ణాటకమున జరిగిన పరిశోధనలు మనకు మిక్కిలి సన్నిహితములు. 1974లో ఏర్పడిన బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు గౌరీదేవి నాయకత్వమున, బెంగుళూరు నగరమునను పరిసర గ్రామములలోను 1,02,557 మందిని పరిశీలించిరి. వెయ్యిమందిలో 8.8 మందికి అపస్మార మున్నట్లు తేలినది; నగరమున 5.7, పల్లెలలో 11.9. పల్లెలలో రెట్టింపు! అప్పటి మైసూరు జిల్లాలోని యళందూరున కె. ఎస్. మణి మొదలగువారు, ఫీనోబార్బిటాల్, ఫెనిటోయిన్ వంటి చౌక మందులతోనే పల్లెటూరి రోగులకు చికిత్స సాగింపవచ్చునని చూపిరి. ఆ ఫలితములు 2001లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైనవి. బళ్లారిలో 1961లో వైద్యకళాశాల స్థాపితమైనది. అంతకుమునుపు మనవారికి దూరపు దిక్కు వెల్లూరు. 1949లో జేకబ్ చాందీ అచ్చట నాడీవైద్య విభాగమును ప్రారంభించెను.

ఆ మణిగారే 1968లో వ్రాసిన మఱియొక సంగతి మన యిండ్లకు సంబంధించినది. కొందఱికి కాగిన నీటిని తలపై చెంబు వెంట చెంబుగా కుమ్మరించుకొన్నప్పుడు మాత్రమే మూర్ఛ వచ్చును. ఇతర దేశములలో అరుదైన ఈ రకము దక్షిణ కర్ణాటకమున విశేషముగా కనబడినది. దీపావళికి ముందు నీళ్లు నింపు పండుగ చేసి, మరునాడు తెల్లవారకముందే అండాలో నీళ్లు కాచి తలంటిపోసుకొను సీమ మనది. పండుగనాడు పడిపోయిన పిల్లకు దిష్టి తీయుటకు ముందు, నీరు గోరువెచ్చగా నుండెనా యని యడుగవలెను. ఇట్టివారిలో అనేకులకు వేడి తగ్గించిన చాలును. చాలనప్పుడు స్నానమునకు ముందు మింగవలసిన మాత్రను వైద్యులు సూచింతురు.

పెండ్లి విషయమున చట్టమే కొంతకాలము రోగికి ప్రతికూలమై యుండెను. 1976 నాటి సవరణ హిందూ వివాహ చట్టమున, మరలమరల అపస్మారము వచ్చువారిని ఉన్మాదులతో జతపఱచి వివాహార్హత లేనివారినిగా చేసినది. 1999లో ఆ పదమును తొలగించిరి. పార్లమెంటు ఆ మాటను తొలగించి పాతికేండ్లు దాటినది. పెండ్లిచూపులలో ఇంకను తొలగలేదు. ఆడపిల్ల మాత్రలు మింగుచు కనబడరాదని సంబంధములు చూచు నెలలోనే మందు మాన్పించు తల్లిదండ్రులను నే నెఱుగుదును. పెండ్లి పందిరిలో నిద్రలేమి, అలసట, పస్తు. ఇవి యన్నియు మూర్ఛను పిలుచునవే. అణచియుంచిన పాదమును సరిగా అప్పుడే ఎత్తుచున్నాము.

కావున మొదటి సంగతి యిది: మందు మానుట వైద్యుని పని. సాధారణముగా రెండేండ్లు లేక అంతకు మించి మూర్ఛలు రాకున్న పిదప ఆయన పరీక్షించి, నెలల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించును. కొందఱికి జీవితాంతము కావలసి యుండవచ్చును. గబాపెంటిన్, ప్రెగాబాలిన్ నొప్పికి వాడుచున్నను ఒక్కనాటితో మానరాదు. ఒక పూట మఱచినచో జ్ఞప్తికి వచ్చినప్పుడు మింగవలెను. తరువాతి పూట దగ్గఱపడినచో దానినే మింగవలెను, రెండింతలు మింగరాదు. మొదటి వారములలో మత్తు, తూలుడు సహజము; ఆ దినములలో లారీ తోలువారును, గనులలో యంత్రముల వద్ద పనిచేయువారును జాగ్రత్తపడవలెను. మద్యము కూడదు. ముసలివారికి, ఉబ్బసపు రొమ్ము గలవారికి, ట్రమడాల్ వంటి ఘాటైన నొప్పిమందులను కూడ వాడువారికి ఈ రెండు మందులు శ్వాసను మందగింపజేయవచ్చునని 2019లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. ఇవి మూత్రపిండముల గుండ బయటికి పోవునవి. మూత్రపిండములు దెబ్బతిన్న మధుమేహులకు మోతాదు తగ్గింపవలెను. ఒకరి చీటీతో ఇంకొకరు కొనుట ఇందుకే ప్రమాదకరము. కడుపుమంటకు త్రాగు తెల్లని మందును, గబాపెంటిన్‌ను ఒక్కసారి పుచ్చుకొనరాదు. నడుమ రెండు గంటలు విడువవలెను.

కార్బమజెపీన్, ఫెనిటోయిన్ మొదలుపెట్టిన తొలి వారములలో ఒంటిపై దద్దురు, నోటిలో పుండ్లు, జ్వరము కనబడిన వేడి చేసినదని మజ్జిగ త్రాగి ఊరకుండరాదు. ఆ దినమే వైద్యుని చూడవలెను. అరుదైనను చర్మము ఊడి ప్రాణము తీయు వ్యాధికి అది తొలి గుర్తు కావచ్చును. ఆసియా ఖండపు జనులలో కొందఱికి పుట్టుకతో వచ్చు ఒక లక్షణము ఈ ప్రమాదమును పెంచునని 2004లో తైవానువారు కనుగొనిరి. వాల్‌ప్రోయేటు అను మందు గర్భస్థశిశువునకు హానికరము. కావున ఆడపిల్లల విషయమున పెండ్లికి ముందే వైద్యునితో మాటాడవలెను. గర్భము నిలిచినదని తెలిసి భయపడి ఏ మందైనను తమంతట తాము మానుట తల్లికిని బిడ్డకును ఇంకను ముప్పు. మనసు అకారణముగా క్రుంగి చావుతలపులు వచ్చుచున్నచో అదియు చెప్పుకొనదగిన సంగతియే; 2008లో ఈ మందులన్నింటికిని ఆ హెచ్చరిక చేర్చిరి. ఎదుట ఎవరైన పడిపోయినచో నోటిలో చెంచా గాని, చేతిలో ఇనుము గాని పెట్టక, ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాక మరల వచ్చినను ఆసుపత్రికి చేర్చవలెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించిన దినముననే ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి తక్కిన తాలూకాలతో మైసూరునకును పోయినవి. ఆ విభజన న్యాయాన్యాయములు ఇచ్చట అప్రస్తుతము. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందింప పాటుపడవలెనని చెప్పినది. మా పాఠశాలలు దాని నీడన నిలిచియున్నవి. మందు చీటీకి అట్టి అధికరణము లేదు. కన్నడము నేర్చుకొనవలదని నా భావము గాదు. నేర్చిన మా పిల్లలే నేడు తల్లులకు ఆసుపత్రిలో దుబాసీలు. పదేండ్ల పిల్లవానికి తన తల్లి రోగము గుఱించి వైద్యుడు చెప్పు మాట లన్నియు అర్థము కావు. అర్థమైనవి యన్నియు చెప్పలేడు.

ఆనాడు ఆ తల్లికి నేను చీటీ వెనుక ఉదయము, రాత్రి, ఎన్ని మాత్రలు, మానరాదు అని తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి, దానిని మరల వైద్యునకు చూపి సరిచూపించుకొని రమ్మంటిని. ఆయన విసుగుకొనక, కన్నడమున అడిగి తెలిసికొని, క్రింద చేవ్రాలు చేసి పంపెను. అప్పటినుండి నెలకు ముగ్గురో నలుగురో చీటీలతో వచ్చుచున్నారు. ఎనిమిదవ తరగతి పిల్లలచేత వ్రాయించుచున్నాను, దస్తూరికి దస్తూరియు నగును. ఆ బాలుడు పదవ తరగతి దాటెను. రాత్రి మాత్ర యింకను కలదు. పగటిది ఆఱు నెలలలో మెల్లగా తగ్గించి వైద్యుడే మాన్పెను. తెలుగు చీటీ వారి యింటి గోడమీద పంచాంగపు క్యాలెండరు ప్రక్కన మేకునకు వ్రేలాడుచున్నది.